అరంగుళం తేడా

1862. వరి కోతలైపోయి చేలల్లో కొయ్యకాలు మాత్రమే మిగిలిన శీతాకాలం. విశాఖపట్నం జిల్లా మైదానంలో ఓ ఊరేగింపు కదులుతోంది. మేళం లేదు, పల్లకి లేదు. వరసగా డేరాలు, వాటి కింద మనుషులు. డేరాల నీడలో ఆరు పొడుగాటి పెట్టెలు ఒకదాని కొసకు ఇంకొకటి వచ్చేలా బారుగా పేర్చి ఉన్నాయి. ఓ దొర సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి వంగి ఉన్నాడు. ఆయన తలెత్తేదాకా ఎవరూ అడుగు కదపకూడదు. కొలత సరిపోయిందని తేలాక ఖలాసీలు పెట్టెలెత్తుతారు, ముందుకు మోస్తారు, దించుతారు. మళ్ళీ అదే నిశ్శబ్దం.

గట్టు మీద నిలబడ్డ రైతు ఇదంతా చూసి ఏమనుకుని ఉంటాడు? కొలతంటే అతనికి తెలిసింది కరణం గొలుసే. "ఏటి బావూ ఈ కొలతలు? మళ్ళీ సిస్తు పెంచుతారేటి?" అని అడిగే ఉంటాడు. ఆ ప్రశ్నకు ఖలాసీ దగ్గర జవాబు ఉండి ఉంటుందని నేననుకోను. అతను మోస్తున్నది భూమి ఆకారాన్నే లెక్కగట్టే పని అని అతనికి ఎవరు చెప్పి ఉంటారు?

ఆ పని పేరు గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టాడు. నేల మీద ఒక గీతను అతి జాగ్రత్తగా కొలిచి, దాని రెండు కొసల నుంచి దూరపు కొండను గురిచూసి కోణాలు తీస్తే, ఆ కొండ ఎంత దూరమో గొలుసు వేయకుండానే తెలుస్తుంది. అక్కడి నుంచి ఇంకో కొండ, మరో త్రికోణం. ఇలా త్రికోణాలు అల్లుకుంటూ కలకత్తా నుంచి తూర్పు తీరం వెంట దిగివచ్చిన వరస విశాఖపట్నం చేరింది. కానీ వందల మైళ్ళు కాగితం మీద లెక్కగట్టుకుంటూ వస్తే ఎక్కడో ఓ చిన్న తప్పు దొర్లి, పెరుగుతూ రావచ్చు. అందుకని ఆ లెక్కను నేల మీద పరీక్షించాలి. విశాఖ మైదానంలో ఆరు మైళ్ళకు పైగా సాగే ఆ గీత అందుకే.

కొలవడంలో కష్టమేమిటో ఉక్కు నగరం విశాఖ వాళ్ళకు వేరే చెప్పాలా? వేడికి ఇనుము సాగుతుంది. పొద్దున కొలిచిన పది అడుగుల కడ్డీ మధ్యాహ్నానికి అదే పది అడుగులు కాదు. దీనికి థామస్ కోల్బీ అనే ఇంజనీరు ఓ ఉపాయం కనిపెట్టాడు. ఇత్తడి కడ్డీని, ఇనుప కడ్డీని పక్కపక్కనే పెట్టి నడిమిన బిగించాడు. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ. రెండింటినీ కలుపుతూ కొసన చిన్న నాలుకను అమర్చి, దాని మీద ఓ చుక్క పెట్టాడు. కడ్డీలు సాగినా ముడుచుకున్నా నాలుక వాలుతుంది తప్ప చుక్క ఉన్నచోటే ఉంటుంది. అలాంటి పది అడుగుల కడ్డీలు ఆరు, వాటి మధ్య ఆరేసి అంగుళాల సందుల్ని చూసే సూక్ష్మదర్శినులు. ఒక్కసారి పేరిస్తే అరవై మూడు అడుగులు. ఆరు మైళ్ళు పూర్తి కావాలంటే ఐదు వందల సార్లకు పైగా ఎత్తి దించాలి. ప్రతిసారీ ఆ బరువును పసిబిడ్డను పొత్తిళ్ళలోంచి తీసినట్టు తీయాలి. ఒక్కడి చెయ్యి వణికినా, ఒక్కడి కాలు తగిలినా అప్పటిదాకా పడ్డ శ్రమంతా అనుమానంలో పడుతుంది.

మైదానంలో పని ఓపికకు పరీక్ష. కొండల్లో అయితే ప్రాణానికే. ఒక కొండ మీది నుంచి ఇంకో కొండ కనబడాలి. మధ్యలో అడవి అడ్డొస్తే చెట్లు కొట్టి చూపుకు దారి చెయ్యాలి. మనుషులు ముక్కలుగా విప్పిన థియోడొలైట్‌ను భుజాల మీద శిఖరానికి చేర్చాలి. అవతలి కొండ మీద పగలు ఒకడు అద్దం పట్టుకుని కూర్చుంటాడు. సూర్యుడు జరిగినకొద్దీ అద్దాన్ని జరుపుతూ ఆ మెరుపును దూరాన ఉన్న దుర్భిణీ వైపే తిప్పుతుండాలి. రాత్రి నూనెదీపం. మంచు పడితే కోణం దొరకదు, మబ్బు పడితే దొరకదు. దొరికేదాకా దిగడానికి లేదు. ఆ దీపం దగ్గర కూర్చున్నవాణ్ణి నేను చాలాసార్లు ఊహించుకున్నాను. కింద మన్యం. చుట్టూ చీకటి. తన దీపం ఎవరికైనా కనబడుతోందో లేదో అతనికి తెలియదు. అయినా వత్తి ఎగదోస్తూనే ఉండాలి.

ఆ చీకట్లో పులి కంటే ప్రమాదకరమైనది చలిజ్వరం. తెలుగు నేల మీద సర్వే వాళ్ళకు ఇది కొత్త కాదు. 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ బృందం మొత్తం జ్వరాన పడింది. వాళ్ళను మోసుకురావడానికి హైదరాబాదు నుంచి ఏనుగుల్ని పంపాల్సి వచ్చింది. కలకత్తా నుంచి విశాఖకు వచ్చిన త్రికోణాల దారి కూడా దట్టమైన, జ్వరాల అడవుల గుండానే సాగింది. అడవి గాలే విషమని అప్పటి నమ్మకం. దోమ సంగతి ఎవరికీ తెలియదు. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దాన్ని కనిపెట్టడానికి ఇంకా ముప్పై అయిదేళ్ళు పట్టింది. ఈలోగా ఎంతమంది ఖలాసీలు, ఎంతమంది దీపం పట్టినవాళ్ళు ఆ దారిలో ఆగిపోయారో, వాళ్ళను పేరుపేరునా చెప్పుకోవాలని ఉంటుంది నాకు.

కొలత పూర్తయింది. ఫలితం వచ్చింది. 480 మైళ్ళ అవతల కలకత్తా దగ్గర మొదలైన త్రికోణాల లెక్క చెప్పిన పొడవుకీ, కడ్డీలతో నేల మీద కొలిచిన పొడవుకీ తేడా అరంగుళం. ఆరు మైళ్ళకు పైగా ఉన్న గీతలో అరంగుళం! సర్వే అధిపతి జేమ్స్ వాకర్ జీవితచరిత్రలో ఇది ఆయన ఘనతగా నిలిచింది. కొలతను నడిపించిన బసేవి పేరూ నిలిచింది. ఆ ఘనత వాళ్ళది కాదని నేననను. బసేవి ఈ పనికే ప్రాణమిచ్చాడు. విశాఖ తర్వాత లోలకాలతో భూమి ఆకర్షణను కొలుస్తూ లడఖ్ కొండలెక్కి, 1871 జూలైలో అక్కడే చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్ళయినా నిండలేదు. కానీ ఆ అరంగుళంలో సగం సూక్ష్మదర్శినిదైతే, మిగతా సగం పెట్టె దించిన చేతులది, రాత్రంతా దీపం ఆరనీయని కళ్ళది. ఇది నా తీర్పు.

ఖలాసీ అన్న మాట మాత్రం విశాఖను వదల్లేదు. ఓడరేవులో, రైల్వే యార్డులో బరువులెత్తే మనిషిని ఇప్పటికీ కలాసీ అనే పిలుస్తాం.

ఆనాటి సర్వే కేంద్రాల్లో కొలతకు ఆధారంగా రాతి మీద ఒక చుక్క, దాని చుట్టూ ఒక వృత్తం చెక్కేవారు. ఆ గుర్తుల సంరక్షణ ఊరి పెద్దలకు అప్పగించేవారు. ఇప్పుడు ఉత్తరాంధ్రలో కొండల్నే తవ్వి తీసుకుపోతున్నాం. మీ ఊరి కొండ మీద అలాంటి రాయి కనబడితే దయచేసి కదపకండి, సున్నం రాయకండి, దిమ్మె కట్టి దేవుణ్ణి చెయ్యకండి. ఫోటో తీసి తహసీల్దారుకో, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళకో చెప్పండి. ఒకసారి చోటు మారిన రాయి మళ్ళీ కొలతకు పనికిరాదు.