శిలాశాసనములు – మన కర్తవ్యము

వానకు ముఖము వాచిన అనంతపురసీమ చరిత్ర తెలియగోరువారు గ్రంథములతోపాటు చెఱువుకట్టలను, గుడిగోడలను గూడ చదువవలయును. 1922లో రాజమహేంద్రవరమున వెలసిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి 1935లో కాకతీయ సంచికను వెలువరించి యీ మార్గమునే చూపినది.

గుత్తికి చేరువనున్న ఎఱ్ఱగుడి గుండ్లపై అశోకుని ధర్మలిపులు రెండువేల యేండ్లకు పైబడి యుండినను, 1929 ప్రాంతమున భూగర్భశాస్త్రజ్ఞుడగు అనూ ఘోషు కంటబడుదనుక లోకమున కెఱుకపడలేదు. ఆ గుండ్లను చూచినవారెందఱో యుందురు, చదువగలవారు లేకపోయిరి.

పొరుగున కడపసీమలోని పోరుమామిళ్ల శాసనమును చూడుడు. 1369 నాటి యా శాసనము, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు చెఱువు కట్టించుటకు దినమునకు వేయిమంది కూలివారు, నూఱు బండ్లు, రెండేండ్లు పట్టినవని చెప్పుచున్నది. మంచి చెఱువునకు వలయు పండ్రెండు సాధనములను, తొలగింపవలసిన యాఱు దోషములను వివరించుచున్నది. కఱవుసీమకు ఇంతకంటె నుపయుక్తమగు చరిత్రమేది? ఆ ఱాయి బట్టలుతుకు బండయై యరిగిపోయినచో నీ జ్ఞానమంతయు నడుగంటియుండెడిది.

కావున సంఘబంధువులారా! ఏటికొకమాఱైనను మన విద్యార్థులను లేపాక్షి, పెనుగొండ, హేమావతులకు తోడ్కొని పొండు. త్రోవలో కనబడిన శాసనములకు ఛాయాచిత్రములు తీయించి, శాసనశాఖవారికి తెలియజేయుడు. దాతలు ప్రయాణవ్యయమును భరింతురుగాక. వాన మఱల వచ్చును. చెడిన శాసనము మఱల రాదు.