నీటికి పదును పెట్టిన యంత్రం

గోదావరి మీద ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యాన 1847లో ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తయినది. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని కడియం ప్రాంతంలో పల్లపు చేలకు కాలువ నీరు తనంత తానే వచ్చి చేరింది. మెరక చేలకు మాత్రం కండబలమే ఆధారం. ఇద్దరు చెరొక వైపు తాళ్ళు పట్టుకొని గూడ వేసేవారు. లేదా ఏతం తొక్కేవారు. హెచ్చు నీటిని కొద్ది ఎత్తుకు చేర్చడమే ఆనాటి సమస్య.

నేడు అదే కడియంలో, నర్సరీల నడుమనున్న ఇంటి వాకిట, సమస్య తారుమారైనది. పాకుడు పట్టిన గచ్చుకు, బురద కొట్టుకొన్న బండికి, నాచు పేరుకొన్న సిమెంటు కుండీకి కావలసినది కొద్దిపాటి నీరే. కాని అది మహావేగంతో తగలాలి. పెట్రోలు ఇంజనుతో నడిచే కడుగుయంత్రం చేసే పని ఇదే. (అమెరికావారు పెట్రోలును ‘గ్యాస్’ అంటారు. వారి పుస్తకాలలో ‘గ్యాస్ యంత్రం’ అని చదివి వంటగ్యాసు అనుకోరాదు.)

దీనికి ముత్తాత వంటి పంపు క్రీ.పూ. 3వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో పుట్టినది. టెసీబియస్ నిర్మించిన ఆ జంట పిస్టన్ల పంపును రోమన్ రచయిత విట్రూవియస్ వర్ణించినాడు. ద్రవాలలో పీడనం ఎట్లా వ్యాపిస్తుందో వివరించిన పాస్కల్ గ్రంథం, ఆయన మరణించిన మరుసటి ఏడు, 1663లో అచ్చయినది. ఆటో నాలుగు స్ట్రోకుల ఇంజను 1876 నాటిది.

నీటిధార బలాన్ని లోకం కళ్ళారా చూచినది మాత్రం కాలిఫోర్నియాలో. అక్కడ 1853 నుండి బంగారం కోసం నీటిధారలతో కొండలనే కరిగించినారు. ఆ మట్టి నదులను పూడ్చివేసి, దిగువ పొలాలను ముంచింది. రైతులు న్యాయస్థానానికి ఎక్కగా, 1884లో మట్టిని నదులలోకి వదలరాదని తీర్పు వచ్చినది. ఇంటి పనికి పనికివచ్చే రూపం తరువాతి కథ. 1920 దశకంలో అమెరికాలో ఫ్రాంక్ ఓఫెల్ట్ ఆవిరితో కడిగే యంత్రాన్నీ, 1950లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ కార్షర్ సంస్థ అధిక పీడనంతో వేడినీటిని చిమ్మే యంత్రాన్నీ తయారు చేసినవి.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 8 లీటర్ల నీటిని వాతావరణ పీడనానికి 150 రెట్ల పీడనంతో పంపడానికి సుమారు 2 కిలోవాట్లు, అనగా 2.7 అశ్వశక్తి చాలును. నష్టాలను విడిచిపెడితే, అదే శక్తి సెకండుకు 200 లీటర్ల నీటిని ఒక మీటరు ఎత్తుకు తోడగలదు! శక్తి ఒక్కటే, గూడ దానిని విస్తారమైన నీటికి పంచుతుంది, యంత్రం గుప్పెడు నీటికి కూరుతుంది. నాజిల్ నుండి వెలువడే ధార వేగం సెకండుకు సుమారు 170 మీటర్లు. ధ్వని వేగంలో ఇది సగం!

ఇట్టి ధార చేతిమీద పడితే పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించవచ్చు. కాని మురికినీరు చర్మం అడుగుకు చొచ్చుకొనిపోతుంది. కట్టు కట్టి ఊరుకొంటే వేలు పోవచ్చు. వెంటనే శస్త్రవైద్యునికి చూపాలి. రెండవ అపాయం కంటికి కనబడనిది. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. వాన పడుతున్నదని యంత్రాన్ని వసారాలోకి, కొట్టులోకి లాగి నడిపేవారు ప్రాణం మీదికి తెచ్చుకొంటారు. తలుపు తెరిచి ఉంచినా చాలదు. ఇంజను ఆరుబయటనే ఉండాలి.

కడియంలో మరొక చిక్కు కాలువ నీటితోనే. వరద రోజులలో గోదావరి ఎర్రబడి ఒండ్రును మోసుకొని వస్తుంది. పొలానికి అది బలమే. పంపు లోపలి కవాటాలను, సీళ్ళను మాత్రం ఆకురాయిలా అరగదీస్తుంది. నాజిల్ సన్నని రంధ్రాన్ని ఇసుకరేణువు మూసివేస్తుంది. కాబట్టి ఆ నీటిని తొట్టెలో పోసి ఒక రాత్రి తేరనిచ్చి, మరునాడు పైనీటిని జల్లెడ గుండా యంత్రానికి అందించాలి.