మక్కా మసీదులో పదివేల మంది: ఒక కొలత, ఒక నిర్ధారణ

హైదరాబాద్ మక్కా మసీదు ప్రార్థన మందిరంలో ఒకేసారి పదివేల మంది నమాజు చేయవచ్చన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. ఈ అంకె ఆ కట్టడానికి నప్పుతుందో లేదో కొలతలతో సరిచూడటం, దాన్నిబట్టి నగర జీవితంలో మసీదు పాత్రను అంచనా వేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

మందిరం కొలతలు సుమారు 220 అడుగులు, 180 అడుగులు; ఎత్తు 75 అడుగులు. అంటే వైశాల్యం 39,600 చదరపు అడుగులు. సజ్దా (నుదురు నేలకు ఆనించే సాష్టాంగం) చేయడానికి మనిషికి రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు కావాలనుకుంటే 4,950 మంది పడతారు. వెడల్పు ఒకటిన్నర అడుగుకు, పొడవు మూడున్నర అడుగులకు కుదించినా లెక్క 7,500 దగ్గరే ఆగుతుంది. స్తంభాలు, గోడలు ఆక్రమించే చోటును ఇందులోంచి తీసేయాలి. కొలతల్లో కొంత సవరింపు ఉన్నా ఫలితం పెద్దగా మారదు. కాబట్టి పదివేల అంకె నిలవాలంటే ఎదుటి ఆవరణను కూడా కలుపుకోవాల్సిందే.

నిర్మాణ చరిత్రను కూడా ఇంతే జాగ్రత్తగా చదవాలి. శంకుస్థాపన గోల్కొండ సుల్తాను ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో జరిగింది. కొందరు 1614 అంటారు, ఎక్కువమంది 1617 అంటారు. గోల్కొండ 1687లో మొఘలుల వశమయ్యాక, ఔరంగజేబు 1694లో పని పూర్తి చేయించాడు. మిహ్రాబు (ప్రార్థన దిక్కును చూపే గోడ గూడు) రాయిని తొలవడానికి ఐదేళ్లపాటు ఐదారు వందల మంది శ్రమించారనీ, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులు కట్టారనీ ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. ఆ అంకెలను విన్నమాటగా తీసుకోవడమే క్షేమం. కానీ ఆ పనిని అప్పటివారు ఎంత అసాధారణంగా భావించారో వాటి వల్ల తెలుస్తుంది. మక్కా మట్టితో చేసిన ఇటుకలు వాడినందున ఈ పేరు వచ్చిందన్న కథనాన్ని సంప్రదాయంగానే చెప్పుకోవాలి.

మందిరం, ఆవరణల అమరిక విషయానికొస్తే, దక్కనులో మక్కా మసీదుకు ముందే మరో పద్ధతి ఉంది. గుల్బర్గా కోటలోని 1367 నాటి జామా మసీదులో ఆవరణ లేదు, మొత్తం కప్పు కిందే ఉంటుంది. ఢిల్లీలో షాజహాన్ కట్టించిన జామా మసీదులో విశాలమైన ఆవరణదే ప్రాధాన్యం. మక్కా మసీదు ఈ రెంటినీ కలుపుకున్నట్టు కనిపిస్తుంది. ఐదేసి చొప్పున మూడు వరుసల కమానులు మోసే లోతైన మందిరం ఒకవైపు, దాని ముందు బయలు మరోవైపు.

నగరంతో మసీదుకున్న బంధం ఎక్కువగా ఈ బయలులోనే కనిపిస్తుంది. నమాజుకు ముందు వజూ (కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోవడం) చేసుకునే హౌజు, అంటే నీటి తొట్టి, ఇక్కడే ఉంది. రెండో నిజాం నుంచి ఆరో నిజాం వరకు ఆసఫ్ జాహీ పాలకుల సమాధులు ఈ ఆవరణలోనే ఉన్నాయి. రంజాన్ చివరి శుక్రవారం, అల్విదా జుమ్మా నాడు, నమాజు వరుసలు ఆవరణ దాటి చార్మినార్ వీధుల్లోకి సాగుతాయి. 2007 మే 18న జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది కూడా వజూఖానా దగ్గరే. ఆ ఘటన ఊరంతటి గాయమైందంటే, ఆ ఆవరణ జనం కలిసే చోటు కావడమూ ఒక కారణమని నా అభిప్రాయం.

ఒక్క కట్టడం ఆధారంగా అన్ని మసీదులకూ సూత్రం చెప్పలేం. అయినా ఇక్కడి ఆధారాలు ఒక నిర్ధారణకు చాలు: మక్కా మసీదు పెద్దరికంలో ఆవరణకు మందిరంతో సమానమైన వాటా ఉంది. అందుకే పరిరక్షణ పథకాలు కప్పు, కమానుల దగ్గరే ఆగకుండా ఆవరణనూ కట్టడంలో భాగంగా లెక్కించాలి. చీరాల, తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల్లో కొత్తగా మసీదులు కట్టుకునే పెద్దలకూ ఇదే మనవి: అంతస్తులు లెక్కపెట్టే ముందు ఖాళీ జాగా కొలవండి. జుమ్మా నాడు జనాన్ని ఇముడ్చుకునేది అదే.