కరవుసీమలో ఓదార్పు

దత్తమండలముల చరిత్ర వ్రాసినవారు వర్షపాతమును లెక్కించిరి, ధాన్యపు ధరలను లెక్కించిరి, చచ్చిన పశువులను లెక్కించిరి. కరవు గడచిన యింటిలో ఒంటిగా మిగిలినవారి మనస్సు ఏమైనదో లెక్కించినవారు లేరు. అట్టి లెక్క సర్కారు కాగితములకు ఎక్కునది కాదు గనుక వారిని తప్పుపట్టనక్కఱలేదు. కాని అనంతపురపు పీఠభూమిలో క్రైస్తవమతము ఎట్లు నాటుకొన్నదో తెలిసికొనగోరువారు ఆ లెక్కను విడిచినచో సగము కథనే చదివినవారగుదురు.

ఈ సీమ భూస్థితి అందఱెఱిగినదే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డుకొనును. ఈశాన్యవర్షములు తీరమునందే చాలవఱకు వ్యయమైపోవును. సాలుకు సుమారు 22 అంగుళముల వాన కురిసిన అదియే మంచి కాలము. 1876లో ఆ కొంచెమును తప్పినది. అప్పటికి అనంతపురము బళ్లారి జిల్లాలోనిది. ప్రత్యేక జిల్లా యైనది 1882లో. 1871నాటి జనాభా లెక్కకును 1881నాటి లెక్కకును నడుమ బళ్లారి జిల్లా తన ప్రజలలో దాదాపు అయిదవవంతును పోగొట్టుకొన్నది. 1877 ఆరంభమున సర్ రిచర్డు టెంపులు దొర కరవు పనులలోని కూలికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొలదిపాటి చిల్లరయు చాలునని నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి కారనిషు దొర, ఆ కూలితో మనిషి పనిచేయుట అటుంచి బ్రతుకుటయే కష్టమని గట్టిగా వాదించెను. కొన్ని నెలలకు కూలి పెరిగినది. అప్పటికే పోవలసినవారు పోయిరి.

కరవు మొదట చేయు పని చంపుట కాదు, విడదీయుట. ఎడ్లను అమ్మివేసిన పిమ్మట మగవాడు రాళ్లు కొట్టు పనికి దూరదేశము పోవును. ఆలు బిడ్డలతో పుట్టింటి దారి పట్టును. పుట్టింటను గింజ లేకున్న త్రోవలోనే నిలిచిపోవును. ముసలివారు ఊరిలో మిగులుదురు. వానలు కురిసి ఊరు మరల కూడునప్పటికి ఏ యింటను మునుపటి లెక్క సరిపడదు. ఇక మాలమాదిగ పల్లెలలో ఈ ఒంటరితనము కరవుతో వచ్చినది కాదు, కరవుతో పోయినదియు కాదు. ఊరి బావి వారిది కాదు, గుడి వారిది కాదు. దుఃఖము చెప్పుకొనుటకు దేవుని వాకిలి సయితము మూసియున్నవారికి ‘నిరాశ’ యను మాటకు మనబోటి గృహస్థులు చెప్పుకొను అర్థము చాలదు.

వీరే క్రైస్తవులైరి. అందుచేతనే గంజికొఱకు మతము మార్చుకొన్నారను నింద వారిని నేటికిని వెంటాడుచున్నది. ఈ నిందను పరీక్షించుటకు మనకొక మంచి సాక్ష్యము ఒంగోలున కలదు. అక్కడి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర, కరవు కాలమున బకింగుహాము కాలువలో కొంత భాగమును గుత్తకు తీసికొని వేలమందికి పని కల్పించెను. అయినను, కూటికై వచ్చువారు భక్తికై వచ్చినట్లు నటింతురేమోయని శంకించి, ఆ కాలమంతయు బాప్తిస్మములను నిలిపివేసెను. సాయము ముగిసి, పంచుటకేమియు లేని కాలమున, 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కడుపు నింపినవారియెడ కృతజ్ఞత యిందు లేదని మేమనము. కృతజ్ఞత నింద కాదు. కాని గంజి ఆగిన పిమ్మట వచ్చినవారిని గంజి రప్పించినదనుట తర్కమునకు నిలువదు.

లండను మిషను వారు బళ్లారికి 1810లోను, కడపకు 1822లోను వచ్చినవారైనను, గుత్తిలో స్థిరపడినది కరవు తరువాత, 1880 ప్రాంతమున. అనంతపురమున మఱి పదేండ్లకు. వారి పనిని మిక్కిలిగా పొగడినవారును మిక్కిలిగా తెగడినవారును కలరు. మాకు ముఖ్యముగా తోచునది చిన్న సంగతి. సంఘపు పుస్తకములో ప్రతిమనిషికిని ఒక పేరు వ్రాయబడెను. “ఓరీ” యని తప్ప పిలువబడనివానికి బాప్తిస్మమునాడు నలుగురెదుట పేరు పెట్టిరి; పెండ్లికి, చావునకు ఆ పేరు మరల చదివిరి. అక్షరము రాని ముసలమ్మ పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలను చెవితో నేర్చెను. ఆ చౌదరిగారు (1803–1890) బ్రాహ్మణకులమున బుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, తనవారికి దూరమైనవారు. ఏకాకి యొక్క పాట ఏకాకులకు తెలియుటలో వింత లేదు.

అయితే ఈ ఓదార్పునకు వెల కలదు. బాప్తిస్మము పొందినవాడు తన కులమువారి పెండ్లిపందిట పరాయివాడయ్యెను. మాలలు మాదిగలతో కలిసి కూర్చుండుటకు క్రైస్తవ మందిరములలోను చాలకాలము జంకిరి. ఒంటరితనమును పోగొట్టవచ్చిన సంఘమే మఱియొక గోడ కట్టుకొన్నదని ఒప్పుకొనక తప్పదు. ఈ గోడను గూర్చి మిషను వర్ణనలలో కన్న మన యిండ్లలో మాటలాడుకొనుట మేలు; ఆ గోడకు రాళ్లు మన యిండ్లనుండి పోయినవే.

ఈ పీఠభూమికి రెండు అంచులందు, ఒకవైపు తిరుపతి అడవులు, మఱియొకవైపు రాయచూరు, ఇంకొక కథ కలదు. 1870 దశకపు దుర్భిక్షదినములలో ఒక పండిత కుటుంబము తీర్థములు తిరుగుచు, ఉన్నదంతయు దానములకు వ్యయపఱచి, తిరుపతి ప్రాంతపు అడవిలో ఆకులు తిని బ్రతికెను. తండ్రి మరణించెను. రాయచూరున తల్లికి ప్రాణము మీదికి వచ్చినప్పుడు, కూతురు సిగ్గు విడిచి పొరుగింట ఒక రొట్టెముక్క అడిగి తెచ్చెను. తల్లి దానిని తినలేకపోయెను. ఆ కూతురే పండిత రమాబాయి. తరువాత అన్న పోయెను. పెండ్లియైన రెండేండ్లలోపల, 1882లో, భర్త పోయెను. ఒడిలో ఒక పసిబిడ్డ. 1883లో ఇంగ్లండున ఆమె క్రైస్తవమతమును స్వీకరించెను.

ఇందు మేము పాఠకులకు చూపదలచినది మతమార్పును కాదు, తరువాతి యెనిమిదేండ్లను. తాను బాప్తిస్మమునాడు క్రైస్తవమతమును మాత్రమే కనుగొన్నాననియు, క్రీస్తును కనుగొనుటకు ఇంచుమించు ఎనిమిదేండ్లు పట్టెననియు ఆమె తన సాక్ష్యగ్రంథమున దాపరికము లేక చెప్పుకొనెను. ఓదార్పు ఒక దినమున కొని తెచ్చుకొను వస్తువు కాదని ఇంతకన్న సూటిగా చెప్పినవారు అరుదు. ఆ ఓదార్పు ఆమెను కన్నులు మూసికొని కూర్చుండనీయలేదు. 1896–97 కరవున మధ్యపరగణాలకు పోయి, ఆకలికి చిక్కిన వితంతువులను బాలికలను తోడుకొనివచ్చి కేడ్గాములో నిలిపెను. తల్లికి ఆలస్యముగా చేరిన రొట్టెముక్క ఆ యనాథలకు వేళకు చేరెను.

బైబిలును ఎండసీమవారు చదువుటకును పచ్చనిసీమవారు చదువుటకును భేదము కలదని మా నమ్మకము. అందలి ఏలీయా కథ కరవు కథయే. వాన కురియని యేండ్లలో సారెపతు ఊరి విధవ, తొట్టిలో మిగిలిన పిడికెడు పిండిని వండుకొని, కొడుకుతో కూడ తిని చావదలచి పుల్లలేరుకొనుచుండెను. ఆ ప్రవక్తయే పిమ్మట అడవిలో ఒంటిగా కూర్చుండి తనకు చావు కావలెనని వేడుకొనెను. ఆ చెట్టును తెలుగు బైబిలువారు బదరీవృక్షమనిరి. మూలమున నున్నది మఱియొక యెడారిమొక్క. పొరపాటనవచ్చును; కాని రేగుచెట్టు నీడ తప్ప వేఱు నీడ లేని అనంతపురపు రైతునకు అంతకన్న తగిన చెట్టు దొరకదు. అక్కడ దేవదూత ఉపన్యాసమేమియు చెప్పలేదు. లేచి తినుమని రొట్టెయు నీళ్లును చూపెను. ఏలీయా తిని మరల నిద్రించెను. దూత రెండవమాఱును లేపి తినుమనెను. కీర్తనలలో 88వది ఆశ లేకయే, చీకటిలోనే ముగియును. దుఃఖితుని తొందరపెట్టి నవ్వింపగోరువారు ఈ రెండు చోట్లను చదివినట్లు కానరాదు.

1827 జూలైలో గవర్నరు సర్ తామసు మన్రో పత్తికొండలో విశూచితో మరణింపగా గుత్తికోట క్రింద పాతిపెట్టిరి. 1831లో ఆ శవమును మదరాసు కోటలోని చర్చికి తరలించిరి. ఆయన పోయినచోట దొరతనమువారు తోట నాటించి బావి త్రవ్వించిరి. నీళ్లు లేని దేశమున బావికన్న మంచి స్మారకము లేదు. కాని ఏబదియేండ్లకు వచ్చిన గొప్ప కరవున చచ్చిన కూలివారికి గోరియు లేదు, బావియు లేదు.

బావుల పని మరల ఒక క్రైస్తవునిచేతనే పెద్దయెత్తున సాగినది. స్పెయిను దేశపు జెసూటు విన్సెంటు ఫెర్రరు, మహారాష్ట్రమునుండి వెడలగొట్టబడి, 1969లో అనంతపురమునకు వచ్చెను. పిమ్మట ఆయన గురుపీఠమును విడిచి వివాహమాడెను. తాను స్థాపించిన గ్రామాభివృద్ధి సంస్థ ద్వారా బావులు, చెరువులు, బడులు, ఆసుపత్రులు కట్టించెనే కాని ఎవరికిని బాప్తిస్మమీయలేదు. 2009లో ఆయన చనిపోయినప్పుడు మతభేదము లేక పల్లెలనుండి జనులు వేలుగా తరలివచ్చిరి. సమాధి బత్తలపల్లిలో, తాను కట్టించిన ఆసుపత్రి చెంత ఉన్నది.