రేగడి – ఒక నేల, అనేక నామములు

తాడేపల్లిగూడెమునకు ఉత్తరముగా నున్న మెట్ట ప్రాంతమున ఎఱ్ఱ నేలలు విస్తారముగా కలవు. వాన కురిసినపుడు ఆ నేలలో నీరు త్వరగా ఇంకిపోవును. వేసవిలో నేల గట్టిపడునే గాని పెద్దగా నెర్రెలు విచ్చదు. అక్కడినుండి దక్షిణముగా డెల్టాలోనికి దిగి ఆకివీడు చేరునప్పటికి నేల రంగే గాక నైజము కూడ మారిపోవును. కొల్లేటికి తూర్పు వైపున, ఉప్పుటేటికి సమీపమున ఉన్న ఈ పల్లపు భూములలో నల్లని జిగట మన్ను కనిపించును. తడిసినపుడు అది కాలిని విడువదు. నీరు తీసి ఎండ ముదిరిన పిదప చేయి దూరునంత నెర్రెలు విచ్చును. ఇట్టి నేలను తెలుగు రైతు రేగడి యనును.

ఆంగ్ల గ్రంథములలో ఈ జాతి నేలకు వాడుకలోనికి వచ్చిన 'రేగర్' అను పేరు ఈ తెలుగు మాటనుండి పుట్టినదే. అయితే పేరు దొరికినంత మాత్రమున నేల స్వభావము తెలిసినట్లు కాదు. ఈ నేలను దేనినిబట్టి గుర్తింపవలెను? రంగునుబట్టియా, పండు పంటనుబట్టియా, పుట్టిన రాతినిబట్టియా? ఈ ప్రశ్నకు సమాధానము కుదురుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

రాతినుండియా, నీటినుండియా?

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున హైదరాబాదు ప్రాంతమున సర్వే శాఖతో కలిసి తిరిగిన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ, ఈ నల్లమన్ను దక్కను పీఠభూమిలోని బసాల్టు శిల శిథిలమై ఏర్పడినదని తలచెను. నల్లరాయి ఉన్న చోట నల్లమన్ను ఉండుట చూచినవారికి ఈ అభిప్రాయము సహజముగనే తోచును. కాని బసాల్టు లేని చోట్ల గూడ రేగడి కనిపించుచుండెను. 1840 తరువాతి సంవత్సరములలో దక్షిణ భారత భూగర్భమును గూర్చి విపులముగా వ్రాసిన కెప్టెన్ న్యూబోల్డ్ ఈ కారణముననే వాయిసీ పక్షమును అంగీకరింపలేదు. రేగడి ఒకప్పుడు నీటి అడుగున పేరుకొనిన ఒండ్రు అని ఆయన వాదించెను.

కొల్లేటి సీమను చూచినచో ఈ రెండు వాదములలోను కొంత సత్యము ఉన్నట్లు తెలియును. కృష్ణా గోదావరులు రెండును పడమటి కనుమలలో పుట్టి, బసాల్టు శిలలున్న విశాల భూభాగముగుండా ప్రవహించి వచ్చును. అవి మోసికొని వచ్చిన సన్నని బంకమన్ను రెండు డెల్టాల నడుమ నున్న పల్లములో, నిలువ నీటి అడుగున పేరుకొనినది. కాబట్టి ఇచటి మన్నులో శిలా పాలు ఎక్కువగా దక్కనుది. దానిని ఇక్కడ పరచినది నీరు. దక్కనులో కొన్ని చోట్ల రేగడి ఉన్నచోటనే రాయి చివికి ఏర్పడినది. డెల్టాలలో కొట్టుకొని వచ్చి చేరినది. పుట్టుక వేరైనను నైజము ఒక్కటే.

శిస్తు కొఱకు వర్గీకరణ

ఇది పండితులకు మాత్రమే సంబంధించిన తర్కము కాదు. 1858లో మద్రాసు ప్రభుత్వము సర్వే, సెటిల్‌మెంటు పనిని క్రమబద్ధము చేసిన పిదప, నేలలను రేగడి, ఎఱ్ఱ నేల, ఇసుక నేల మొదలగు జాతులుగా విభజించిరి. వాటిలో మరల బంక, ఇసుక పాళ్ళనుబట్టియు, మంచిచెడులనుబట్టియు తరములు కట్టిరి. ఆ తరమునుబట్టి రైతు చెల్లింపవలసిన శిస్తు నిర్ణయమయ్యెడిది. పొలమును ఏ తరములో చేర్చిరను విషయము ఆ కుటుంబమునకు ఏటేటా తగులు భారముగా పరిణమించెను.

రంగు, పంట తెచ్చిన పొరపాట్లు

భారత ప్రభుత్వ వ్యవసాయ రసాయనజ్ఞుడు లెదర్ 1898లో ఈ దేశపు నేలలను నాలుగు ముఖ్య వర్గములుగా విభజించెను. అవి గంగా మైదానపు ఒండ్రు నేలలు, నల్ల నేలలు, ఎఱ్ఱ నేలలు, లాటరైటు నేలలు. పాఠ్య పుస్తకములలో నేటికిని ఈ విభజన జాడ కనిపించును. ఇందు రేగడికి 'ప్రత్తి నేల' అను పేరు గూడ స్థిరపడినది. బళ్లారి, కర్నూలు, విదర్భ ప్రాంతములకు ఆ పేరు తగినదే. కాని అదే తీరు మన్ను గల డెల్టా పల్లములలో పండునది వరి. పంటనుబట్టి పెట్టిన పేరు నీటి వసతిని తెలుపునే గాని నేల తత్త్వమును తెలుపదు.

రంగు గూడ ఇట్లే మోసగించినది. రష్యాలో డోకుచాయెవ్ 1883లో అక్కడి నల్ల నేలలను గూర్చి మహా గ్రంథము వెలువరించి ఆధునిక మృత్తికా శాస్త్రమునకు పునాది వేసెను. ఆ నేలల నలుపు వాటిలో సమృద్ధిగా చేరిన కుళ్ళిన గడ్డి వేళ్ళ వలన కలిగినది. రేగడియు నల్లనిదే గావున కొందరు ఈ రెండింటిని దగ్గరి చుట్టములుగా భావించిరి. రేగడిని పరీక్షింపగా సేంద్రియ పదార్థము చాల చోట్ల నూటికి ఒక పాలైనను లేదు. ఉన్న కొద్దిపాటి పదార్థము బంకమన్ను కణములతో గాఢముగా పెనవేసికొనుటవలన మన్ను నల్లగా కనిపించును. నలుపును చూచి నత్రజని పుష్కలమని నమ్మి, ఎరువు మానిన రైతు నష్టపోవును.

బంకమన్నులోని రహస్యము

1933లో హాఫ్‌మన్, ఎండెల్, విల్మ్ అను జర్మను శాస్త్రజ్ఞులు ఎక్స్-కిరణముల సాయముతో మాంట్‌మొరిల్లొనైటు అను బంక ఖనిజము నిర్మాణమును వివరించిరి. రేగడిలో ప్రధానమైన బంక ఈ కుటుంబమునకు చెందినదే. దీని కణమును తమలపాకుల కట్టతో పోల్చవచ్చును. ఒక్కొక్క ఆకులో సిలికా పొరలు రెండు, వాటి నడుమ అల్యూమినా పొర ఒకటి ఉండును. ఆకుకును ఆకుకును మధ్య పట్టు బలహీనము. నీరు ఆ సందులలో దూరగా కట్ట ఉబ్బును. నీరు పోగా కుంచించుకొనును. ఎఱ్ఱ నేలలలో ఎక్కువగా ఉండు కేయొలినైటులో ఆకులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండును. గూడెము మెట్టకును ఆకివీటి పల్లమునకును గల భేదములో ముఖ్య భాగము ఇదియే.

ఉబ్బి కుంగుటతో కథ ముగియదు. నెర్రెలు విచ్చినపుడు పైమన్ను పొడి వాటిలో రాలిపడును. తిరిగి వాన కురియగా అడుగు మన్ను ఉబ్బును. నెర్రెలలో అదనపు మన్ను చేరియున్నందున చోటు చాలక అది ప్రక్కలకును పైకిని త్రోయును. మట్టి పెళ్ళలు ఒకదానిపై నొకటి జారి, రాచుకొనిన ముఖములు సానపట్టినట్లు నిగనిగలాడును. ఈ విధముగా నేల తన్ను తాను తిరగదున్నుకొనును. అందుచేతనే ఇట్టి నేలలో గోడలు పగులును, స్తంభములు ఒరుగును, చెట్ల వేళ్ళు తెగును.

గడ్డి దుబ్బులు ఈ కదలికను తట్టుకొనగలవు. అందువలననే ఆస్ట్రేలియాలోని మిచెల్ గడ్డి మైదానములవంటి చోట్ల ఇట్టి నేలలు తరతరములుగా పశువుల మేత బీళ్ళుగా ఉన్నవి. అచట నేల ఉబ్బెత్తులుగా, గుంటలుగా ఏర్పడును. దానిని ఆదిమవాసుల భాషనుండి తీసికొనిన 'గిల్గాయ్' అను మాటతో పిలుతురు. అమెరికాలోని టెక్సాసులో గూడ ఇట్టి నల్ల నేల గడ్డి మైదానములు ఒకప్పుడు విస్తారముగా ఉండెడివి.

నైజమునుబట్టి కొత్త పేరు

ఒక్కొక్క దేశమున ఒక్కొక్క పేరుతో నున్న ఈ నేలలన్నియు ఒకే జాతివని గుర్తించి, 1950లో ఓక్స్, థార్ప్ అను అమెరికను శాస్త్రజ్ఞులు 'గ్రుముసోల్' అను ఉమ్మడి పేరును సూచించిరి. 1960లో అమెరికా మృత్తికా సర్వే వారు ప్రకటించిన నూతన వర్గీకరణలో దాని స్థానమున 'వెర్టిసోల్' అను పేరు వచ్చినది. లాటిన్ భాషలో 'వెర్టెరె' అనగా త్రిప్పుట. 1975లో పూర్తిరూపము పొందిన ఈ పద్ధతి ప్రకారము వెర్టిసోలునకు కావలసినవి నూటికి కనీసము 30 పాళ్ళ బంక, ఋతువునుబట్టి విచ్చి మూసికొను నెర్రెలు, లోపల జారుడు ముఖములు. ఇందు రంగునకు గాని, పంటకు గాని, మూల శిలకు గాని తావు లేదు. ఉపవర్గములను గూడ ఏటికి ఎన్నాళ్ళు నెర్రెలు తెరచి ఉండునను లెక్కతో ఏర్పరచిరి. దక్కనులోని రేగళ్ళు చాలవరకు సంవత్సరమునకు మొత్తము 90 దినములు గాని అంతకు మించి గాని నెర్రెలు విచ్చి యుండు ఉపవర్గమునకు చెందును.

ఈ జ్ఞానము పొలములో అక్కరకు వచ్చినది. రేగడి తడిసినచో నాగలికి అంటుకొనును, ఎండినచో రాయియగును. దున్నుటకు అనువైన దినములు స్వల్పము. 1972లో పటాన్‌చెరులో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ, వెడల్పు మళ్ళు, వాటి నడుమ కాలువలు తీర్చి, కొన్ని ప్రాంతములలో తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తు పద్ధతిని ఈ నేలలకొఱకే రూపొందించినది.

కొల్లేటి అంచున

1975 నాటి పద్ధతిలో ఒక లోపము మిగిలినది. ఏడాదిలో చాలకాలము నీట మునిగి, కొంతకాలము మాత్రమే ఎండి నెర్రెలు విచ్చు నేలలకు అందు ప్రత్యేక స్థానము లేదు. 1992లో అట్టి తడి రేగళ్ళకు 'ఆక్వెర్ట్' అను ఉపవర్గమును చేర్చిరి. సరస్సుల అంచులను, డెల్టా పల్లములను అర్థము చేసికొనుటకు ఇది ముఖ్యమైన మార్పు.

కొల్లేటిలో వరద తగ్గినపుడు బయటపడిన పడుగలో ఒకప్పుడు వరి వేసెడివారు, పశువులను మేపెడివారు. 1970 తరువాత చేపల చెరువులు వ్యాపించినవి. ఉబ్బిన రేగడి నీటిని క్రిందికి పోనీయదు గనుక చెరువులకు అది తగిన నేలయే. 1999లో సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. 2006లో ఆ హద్దులోని చెరువుల గట్లను పెద్ద యెత్తున తొలగించిరి. చెరువు హద్దు ఎక్కడ ఉండవలెనను వివాదము ఎట్లున్నను, నేల విషయము ఒకటి స్పష్టము. ఏండ్ల తరబడి నీరు తీయని చోట ఆ మన్ను ఎండదు, నెర్రెలు విచ్చదు, తిరుగదు. గాలి సోకక అడుగు బురద చెడిపోవును. పంటకును పంటకును నడుమ చెరువు అడుగును నెర్రెలు విచ్చువరకు ఎండబెట్టుట మేలని మత్స్య శాస్త్రజ్ఞులు చెప్పుటలోని కారణము ఇదియే.

రేగడిని చూచి ఇది ఏ రంగు, ఇందు ఏమి పండునని అడుగుట చాలదు. ఎప్పుడు తడియును, ఎన్నాళ్ళు ఎండును, ఎంత లోతున నెర్రె విచ్చునని అడుగవలెను. కాలువ త్రవ్వువారును, ఇల్లు కట్టువారును, చెరువు వేయువారును ముందుగా ఈ మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసికొనుట క్షేమకరము.