గాజుపలకయు, వణకుచేయియు

నేడు మన పల్లెలలో పలువురి చేతులయందున్న గాజుపలక ఫోనును గూర్చి యొక చిన్న చరిత్ర విన్నవింపదలచితిని. నా కుడిచేయి కొంతకాలముగా వణకుచున్నది. ఒక యంకెను తాకబోయిన వేఱొక యంకె పడుచుండెను. తప్పు నా చేతిదే యని చాలకాలము సిగ్గుపడితిని. ఈ చరిత్ర తెలిసిన పిదప నా యభిప్రాయము మాఱినది.

1960 ప్రాంతమున ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రియందు, వెన్నెముక దెబ్బతిని కాలుసేతులు చచ్చుపడిన రోగులుండిరి. రెజ్ మేలింగ్ అను నాతడు వారి నిస్సహాయస్థితిని జూచి 'పోసమ్' అను యంత్రమును కల్పించెను. గొట్టములోనికి ఊదుటచేతను, పీల్చుటచేతను రోగి దీపము వెలిగింపగలిగెను. క్రమముగా టైపుమిషనును నడపగలిగెను. వారికి మిగిలిన శక్తి యూపిరియే. యంత్రమే యా యూపిరికి లోబడెను.

1965లో అదే దేశమున ఇ. ఎ. జాన్సన్ అను నతడు వ్రేలిస్పర్శను గ్రహించు తెరను వర్ణించెను. అది విమానముల రాకపోకలను నియమించువారి కొఱకు ఉద్దేశింపబడినది.

పిమ్మట అమెరికాలో, డెలావేర్ విశ్వవిద్యాలయమున, వేన్ వెస్టర్‌మన్ అను విద్యార్థికి మీటలు నొక్కి నొక్కి చేతులు నొప్పిపట్టెను. బలము ప్రయోగింపక, మెల్లగా తాకినంతనే పనిచేయు పలకను ఆతడు తన యాచార్యుడగు జాన్ ఎలియాస్‌తో గూడి నిర్మించెను. 1999లో ఆ విషయముననే సిద్ధాంతవ్యాసము సమర్పించెను. వారి ఫింగర్‌వర్క్స్ సంస్థను 2005లో ఆపిల్ కంపెనీ కొనెను. 2007లో ఐఫోను వెలువడెను.

ఇచటనే చిత్రమున్నది. నొప్పిచేతి కొఱకు పుట్టిన విద్య వణకుచేతికి పరీక్షయైనది! ఆ గాజునకు బలము వలదు గాని గుఱి కావలయును. రెండు వ్రేళ్లు విడదీయుట, జరుపుట, తగినంతసేపే తాకుట, ఇవి ముడుచుకొన్న వ్రేళ్లకు దుష్కరములు.

ఈ లోపమును సవరించుటకు కొన్ని యేర్పాట్లు ఐఫోనున చేరినవి. పలువ్రేళ్ల పనిని ఒక్క వ్రేలితో జేయు నేర్పాటు 2011లో వచ్చెను. తెరను తాకకయే వెలుపలి మీటతో నడపు నేర్పాటు 2013లో వచ్చెను. తొట్రుపాటు తాకుళ్లను విడిచి, కొంతసేపు నిలిచిన స్పర్శనే లెక్కించు నేర్పాటు 2015లో వచ్చెను.

నా ఫోనునందును ఇట్టిది కలదని నా మనుమరాలు చూపెను. ఆ సాయంకాలము ఎవరి సాయమును లేకయే పొరుగూరనున్న నా చెల్లెలితో మాటలాడితిని.

పెద్దలారా! మీ యింట నెవరి చేతికైనను ఫోను లొంగనిచో ఆ చేతిని నిందింపకుడు. ఫోను అమరికలను వెదకింపుడు. చేతిని యంత్రమునకు దిద్దుట కంటె, యంత్రమును చేతికి దిద్దుటయే సులభము.