గోడ మీద బ్రోమైడు

గంగారంలో మా బాపమ్మకి, అంటే మా బాపు తల్లికి, ఉన్నది ఒక్కటే ఫోటో. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. మా మేనత్త పెళ్ళిలో గుంపులో నిలబెట్టి తీసిన దాంట్లోంచి ముఖం ఒక్కటీ పెద్దది చేయించి గోడకు తగిలించారు. అందులోనూ సగం ముఖం కొంగు చాటునే. ఇంట్లో దాన్ని ఎవరూ ఫోటో అనేవారు కాదు, ‘బ్రోమైడు’ అనేవారు. చిన్నప్పుడు నేను అదేదో బాపమ్మకిచ్చిన బిరుదనుకున్నాను.

బిరుదు కాదు, రసాయనం. 1826లో ఫ్రాన్సులోని మాంపెలియేలో బలార్ అనే 23 ఏళ్ళ కుర్రాడు, ఉప్పు తీసెయ్యగా మిగిలిన చేదు నీళ్ళలోకి క్లోరిన్ పంపితే నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపును వేరు చేస్తే ముక్కు బద్దలయ్యే కంపు! గ్రీకు భాషలో కంపుకున్న మాటతోనే దానికి బ్రోమిన్ అని పేరు పడింది. అంతకుముందే జర్మనీలో లీబిగ్ అనే మహాపండితుడి దగ్గరికి అదే ద్రవం సీసాలో వచ్చింది. ఆయన సరిగ్గా చూడకుండా ‘అయొడిన్ క్లోరైడ్’ అని చీటీ అంటించి పక్కన పెట్టేశాడు. బలార్ సంగతి తెలిశాక నాలిక్కరుచుకుని, ఆ సీసాని ‘పొరపాట్ల బీరువా’లో దాచుకున్నాడట. మన పండితుల్లో ఎంతమంది ఇళ్ళల్లో అలాంటి బీరువా ఉందంటారు?

బ్రోమిన్ హైడ్రోజన్‌తో కలిస్తే హైడ్రోబ్రోమిక్ ఆమ్లం. ఆక్సిజన్ కూడా చేరితే బ్రోమిక్ ఆమ్లం. దీని లవణం పొటాషియం బ్రోమేట్‌నే బ్రెడ్డు పిండిలో కలిపేవారు, 2016లో మన దేశంలో వద్దన్నారు. ఆక్సిజన్ ఇంకా ఎక్కువైన పెర్‌బ్రోమిక్ ఆమ్లం అసలు ఉండదనీ, ఎందుకుండదో కూడా చెబుతూ శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి రాశారు. 1968లో అమెరికాలో యాపిల్‌మన్ అనే ఆయన దాని లవణాన్ని చేసి చూపించాడు!

ఇక మన బ్రోమైడులు హైడ్రోబ్రోమిక్ ఆమ్లపు లవణాలు. వెండి బ్రోమైడు మీద వెలుతురు పడితే ఆ పడినచోట వెండి విడివడడం మొదలవుతుంది. 1871లో మాడక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు దీన్ని జెలటిన్‌లో కలిపి గాజు పలకకు పూశాడు. అంతకుముందు పలక తడి ఆరకుండానే ఫోటో తీసి, కడిగెయ్యాలి. బయట ఫోటో తియ్యాలంటే డేరా, మందుల సీసాలు మోసుకు తిరగాలి. పొడి పలకలొచ్చాక ఆ అవస్థ తప్పింది.

ఆ పొడి పలకల కాలంలోనే సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు దీన్‌దయాళ్, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. ఘోషాలో ఉండే ఆడవాళ్ళని మగవాడు ఫోటో తీసేదెట్లా? 1892లో ఆయన హైదరాబాదులో వాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తైన గోడలు, లోపల కెమెరా దగ్గర కెన్నీ లెవిక్ అనే దొరసాని. పల్లకీ దిగి లోపలికెళ్ళిన బేగములు, ఎప్పుడూ అద్దంలో తప్ప చూసుకోని తమ ముఖం చేతిలోకి కాగితమై వచ్చాక ఏమనుకున్నారో? నిజాం వేటల ఫోటోలకన్నా నాకు ఆ సంగతే కావాలి.

మా బాపమ్మ బ్రోమైడు మాత్రం పసుపుబారిపోయింది. వెలుతురు తగలని బ్రోమైడును కరిగించి తీసెయ్యడానికి హైపో వాడతారు. చివర్లో దాన్ని నీళ్ళతో బాగా కడగకపోతే అది కాగితంలోనే ఉండిపోయి, ఏళ్ళు గడిచాక బొమ్మలోని వెండిని పట్టుకుంటుంది. కడిగినవాడు ఆరోజు తొందరలో ఉన్నాడేమో, పాపం. కొంగు ఎక్కడ ఆగిందో, చెంప ఎక్కడ మొదలైందో ఇప్పుడు తెలియదు. కళ్ళు మాత్రం ఉన్నాయి.

మొన్న మా అబ్బాయి ఫోనులో దాన్ని బాగుచేశాడు. మరకలు పోయాయి, కొంగూ పోయింది, మిగతా సగం ముఖాన్ని యంత్రమే కల్పించి పెట్టింది. బాగానే ఉంది. మా బాపు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఎవరు బిడ్డా ఈమె?” అన్నాడు.